ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరిగాయి: "రిపోర్టులన్నీ బాగున్నాయంటున్నారు, మనిషి మాత్రం బాగాలేడు." ఐసీయూలో ప్రాణం దక్కించుకున్నవాళ్లలో చాలామందికి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఒంట్లో సత్తువ, బుద్ధి చురుకు, మనశ్శాంతి ఈ మూడింటిలో ఏదో ఒకటి దెబ్బతిని ఉంటుంది. దీన్ని 'పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్' అంటారు. అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2010లో జరిపిన సమావేశంలో ఈ పేరు ఖరారైంది, 2012లో ప్రచురించారు. పేరు ఇంత కొత్తది కాబట్టే ఇప్పటికీ చాలాచోట్ల డిశ్చార్జి కాగితంలో ఈ ప్రస్తావనే ఉండదు. అన్నిటినీ "నీరసం" అనే ఒక్క మాట కింద తోసేస్తే, వాటిలో విడిగా వైద్యం ఉన్నవి కూడా కనబడకుండా పోతాయి. జవాబుల్లో మా పట్టుదలంతా దాని మీదే.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నిమోనియాతో 18 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇంటికొచ్చి ఐదు వారాలైంది. ఛాతీ ఎక్స్‌రే బాగుందన్నారు. కానీ చేతులు ఊతం పెట్టుకోకుండా కుర్చీలోంచి లేవలేరు, నాలుగు మెట్లు ఎక్కేసరికి కూలబడిపోతున్నారు. "బద్ధకించకుండా నడవండి" అని మేము, "నా వల్ల కావట్లేదు" అని ఆయన. రోజూ ఇదే గొడవ. అసలు ఎంత నడిపించాలి?

జవాబు: ముందుగా ఆ గొడవ ఆపేయండి. ఆయన బద్ధకించడం లేదు. తీవ్రమైన జబ్బుతో ఐసీయూలో చేరినవాళ్ల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి పది రోజుల్లోనే ఆ కండరం సగటున 17 శాతానికి పైగా తరిగిపోయింది. ఒకటి కంటే ఎక్కువ అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో ఇంకా ఎక్కువ పోయింది. కదలకుండా పడుకోవడం ఒక్కటే కారణం కాదు. జబ్బు వల్ల ఒళ్లంతా లోలోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) రేగినప్పుడు కండరంలోని ప్రొటీన్ కరిగే వేగాన్ని కొత్తది తయారయ్యే వేగం అందుకోలేదు. దానికి తోడు కండరాలకు వెళ్లే నరాలు కూడా దెబ్బతినవచ్చు.

ఈ బలహీనత ఎక్కువగా భుజాల్లో, తుంటిలో, తొడల్లో రెండువైపులా సమానంగా ఉంటుంది. అందుకే వేళ్లు బాగానే ఆడిస్తారు కానీ కుర్చీలోంచి లేవలేరు, చెయ్యెత్తి తల దువ్వుకోలేరు. డాక్టర్లు 12 కండరాల సమూహాలకు ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 60. 48 కంటే తగ్గితే ఐసీయూ వల్ల వచ్చిన బలహీనతగా లెక్క. మీ నాన్నగారికి ఈ పరీక్ష చేయించండి, మంచం పక్కనే పది నిమిషాల్లో అయిపోతుంది.

నడక కంటే ముందు కుర్చీలోంచి లేచి నిలబడే సాధన మొదలుపెట్టండి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. ఐదుసార్లు లేచి నిలబడాలి, మెల్లగా కూర్చోవాలి. దభీమని కూలబడితే సగం ఫలితం పోతుంది, ఎందుకంటే దిగేటప్పుడు బరువు ఆపడమే తొడకు అసలు పని. రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఐదుసార్లు. ఇలా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవగలిగాక దిండు తీసేయండి.

నడకను ఒక్క విడతలో అరగంట లాగించకండి. మూడు నుంచి ఐదు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు చాలు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మర్నాడు పొద్దున మామూలు కంటే ఎక్కువ అలిసిపోయి లేస్తే నిన్న ఎక్కువైనట్టే, రెండు రోజులు పాత లెక్కకు తగ్గండి. మర్నాడు బాగుంటే వారానికోసారి ఒక్కో విడతకు ఒక నిమిషం పెంచండి. మెట్లు ఎక్కేటప్పుడు బలంగా ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు బలం తక్కువ ఉన్న కాలు ముందు. పక్కన పట్టుకునే మనిషి ఎప్పుడూ ఆయన కంటే కింది మెట్టు మీద ఉండాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో అంకె 90 కంటే తగ్గితే కూర్చోబెట్టండి, రెండు మూడు నిమిషాల్లో పైకి రాకపోతే డాక్టరుకు చెప్పండి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఈ హద్దు వేరుగా ఉండొచ్చు, డాక్టరునే అడిగి రాసుకోండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే ఆ పూటకు ఆపేయాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అప్పుడు వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తిండిలో ప్రొటీన్ చూసుకోండి. శరీర బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు ఉంటాయని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. ఆకలి తక్కువగా ఉంటుంది కాబట్టి నాలుగైదు విడతలుగా పంచండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఈ లెక్క డాక్టరునే అడగాలి.

ఇంటికొచ్చాక చేయించే వ్యాయామాలపై జరిగిన పరిశోధనల్లో అందరికీ ఒకేలా మేలు జరిగినట్టు తేలలేదు. అందుకే అందరికీ ఒకే చీటీ రాసిచ్చే పద్ధతిని మేము నమ్మం. ఆయన శక్తిని కొలిచి, ఆయనకే సరిపోయేలా రాసి, రెండు వారాలకోసారి మార్చే ఫిజియోథెరపిస్టు దొరికితే వదలకండి. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా ఉంటుంది. టొరంటో వైద్యులు ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బతికిన 109 మందిని ఐదేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఊపిరితిత్తులు దాదాపు మామూలు స్థితికి వచ్చినా, ఆరు నిమిషాల్లో వాళ్లు నడవగలిగిన దూరం ఉండాల్సిన దాంట్లో 76 శాతమే. వాళ్లు ముసలివాళ్లు కూడా కారు, సగం మంది నలభై అయిదేళ్ల లోపువాళ్లే. ఎక్స్‌రే బాగుండి మనిషి నడవలేకపోవడం అబద్ధం కాదని మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

ప్రశ్న: మా చెల్లెలు ఐసీయూలో 12 రోజులు ఉంది. ఒంట్లో బలం వస్తోంది కానీ కుడి పాదం మాత్రం పైకి లేవట్లేదు. నడిస్తే బొటనవేలు నేలకు తగులుతోంది. ఇదీ నీరసమేనా?

జవాబు: కాదు. నీరసం రెండువైపులా ఉంటుంది. ఒక్క పాదమే వేలాడుతుంటే మోకాలి బయటివైపు ఎముక మీదుగా పోయే నరం నొక్కుకుపోయి ఉండాలి. మత్తులో కాలు బయటికి ఒరిగి గంటల తరబడి మంచం అంచుకు ఆనుకుంటే ఇలా జరుగుతుంది. నరాల డాక్టరుకు చూపించి నరాల పరీక్ష చేయించండి. నరం నొక్కుకున్నంత మాత్రమే అయితే చాలామందికి వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. అప్పటిదాకా పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ వేసుకోవాలి, పిక్క కండరం బిగుసుకోకుండా రోజూ సాగదీయాలి. కాలు మీద కాలు వేసుకుని కూర్చోకూడదు, అదే నరం మళ్లీ నొక్కుకుంటుంది. నడుము నొప్పి కూడా ఉంటే వెన్నెముక కూడా చూస్తారు.

బోర్లా పడుకోబెట్టి వైద్యం చేసినవాళ్లకు భుజం లేవకపోవడం, తొడ బయటివైపు మొద్దుబారడం కూడా చూస్తుంటాం. మోచెయ్యి గానీ తుంటి గానీ రోజురోజుకూ బిగుసుకుపోతూ నొప్పి పెడుతుంటే బలవంతంగా వంచవద్దు. కీలు చుట్టూ కొత్త ఎముక పెరుగుతుండొచ్చు, ముందు ఎక్స్‌రే తీయించాలి. హఠాత్తుగా ఒకవైపు చెయ్యి, కాలు పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం. ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు.

ప్రశ్న: వెంటిలేటర్ తీసి రెండున్నర నెలలైంది. బాగానే కోలుకున్నాను. పది రోజులుగా కొంచెం నడిచినా ఆయాసం, గాలి పీల్చేటప్పుడు గొంతులో ఈల లాంటి శబ్దం. ఆస్తమా అన్నారు. ఇన్‌హేలర్ వాడుతున్నా తేడా లేదు.

జవాబు: ఈ సంచిక వచ్చేదాకా ఆగవద్దని మీకు ముందే విడిగా కబురు పంపాం. ఇలాంటి లక్షణాలున్న మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాం.

వెంటిలేటర్ గొట్టం చివర చిన్న గాలి బుడగ ఉంటుంది. గాలి పక్కలనుంచి పోకుండా అది శ్వాసనాళం గోడకు ఒత్తుకుని ఉంటుంది. ఆ ఒత్తిడిని 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉంచాలి. అంతకు మించితే గోడలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి లోపల పుండు పడుతుంది. పుండు మానేటప్పుడు మచ్చ కణజాలం ముడుచుకుంటూ నాళాన్ని ఇరుకు చేస్తుంది. ఇది జరగడానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టే మొదట్లో బాగుండి తర్వాత ఆయాసం మొదలవుతుంది. నాళం లోపలి వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లకు తగ్గితే నడిచినప్పుడు, 5కు తగ్గితే కూర్చున్నా ఆయాసం వస్తుంది.

ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా గాలి వదిలేటప్పుడు ఛాతీలో వినిపిస్తాయి. ఇక్కడ శబ్దం గాలి పీల్చేటప్పుడు, మెడ దగ్గర వస్తుంది. ఇన్‌హేలర్‌కు లొంగదు. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. మెడ, ఛాతీ సీటీ స్కాన్, సన్నని కెమెరా గొట్టంతో చూసే బ్రాంకోస్కోపీ కావాలి. ఊపిరి ఊదే పరీక్ష చేస్తే గ్రాఫు గుండ్రంగా రావాల్సిన చోట బల్లపరుపుగా వస్తుంది. ఇరుకును లోపలినుంచే వెడల్పు చేయొచ్చు, అవసరమైతే ఆ ముక్క తీసేసి కలుపుతారు. కూర్చున్నా శబ్దం వస్తున్నా, ఒక వాక్యం పూర్తిచేయలేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి మొదటి మాటగా "నాకు ఇన్ని రోజులు వెంటిలేటర్ గొట్టం వేశారు" అని చెప్పండి. వెంటిలేటర్ సంగతి రోగి చెప్పకపోతే ఆస్తమా అని పొరబడే అవకాశం ఉంది.

శబ్దం, ఆయాసం లేకుండా గొంతు బొంగురు మాత్రమే ఉంటే చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. అంతకు మించితే ఈఎన్‌టీ డాక్టరు స్వరతంత్రులు చూడాలి. నీళ్లు తాగితే పొలమారడం, తిన్నాక గొంతులో తడిగా గరగరలాడటం, మాటిమాటికీ జ్వరం వస్తుంటే మింగింది ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో పరీక్షించాలి. గొంతు స్పర్శ తగ్గినవాళ్లకు దగ్గు కూడా రాదు, కాబట్టి దగ్గు లేదని ధీమా పడకూడదు. పరీక్ష అయ్యేదాకా నిటారుగా కూర్చుని చిన్న గుక్కలు తాగాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు.

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఇంటికొచ్చి ఏడు వారాలు. ఐసీయూలో నర్సులు సెలైన్‌లో విషం కలిపారని, తనను ఓడ అడుగున కట్టేశారని ఒట్టేసి చెబుతారు. రాత్రి నిద్రపోవడానికి భయపడుతున్నారు. ఆసుపత్రి ఉన్న వీధిలోకి కూడా రారు. మతి చలించిందా?

జవాబు: లేదమ్మా. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది దాకా డెలీరియం వస్తుంది. జ్వరం తలకెక్కి సంధి ప్రేలాపన అంటారే, అలాంటి స్థితి. ఆ భ్రమలు గాలిలోంచి పుట్టవు. గొట్టం పీకేసుకోకుండా చేతులు కట్టి ఉంటారు, అది బందిఖానా అవుతుంది. రక్తనాళంలోకి మందు ఎక్కుతుంటే మంట పుడుతుంది, అది విషం అవుతుంది. గాలి పరుపు ఉబ్బుతూ తగ్గుతుంటే ఓడలో ఉన్నట్టు అనిపిస్తుంది. నిజంగా జరిగినవి మసకబారిపోతాయి. భ్రమలు మాత్రం నిన్న జరిగినంత స్పష్టంగా నిలిచిపోతాయి. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయనకు గుర్తున్నది అదే.

"అదంతా నీ భ్రమ" అని కొట్టిపారేయకండి, "అవును, అలాగే చేశారు" అని ఒప్పుకోనూ వద్దు. "నీకు అలా కనబడింది, ఎంత భయపడ్డావో. ఆ రోజు మాకు తెలిసిన సంగతి ఇది" అని చెప్పి ఊరుకోండి. ఆయన అడిగినప్పుడు, అడిగితేనే, రోజువారీ పట్టిక రాయండి: తేదీ, ఆ రోజు చేసిన వైద్యం, ఎవరెవరు చూడ్డానికి వచ్చారు, ఆయనకు గుర్తున్నది ఏమిటి. డిశ్చార్జి కాగితం, మీ ఫోన్లోని మెసేజీలు, ఫొటోలు చాలావరకు ఆ తేదీలు ఇస్తాయి. కొన్ని యూరప్ దేశాల్లో నర్సులే రోగి మంచం పక్కన ఇలాంటి డైరీ రాస్తారు. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో డైరీ అందుకున్నవాళ్లలో 5 శాతం మందికి, అందనివాళ్లలో 13 శాతం మందికి కొత్తగా పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా వెంటాడే భయం) కనబడింది. 2019లో ఫ్రాన్సులో జరిగిన పెద్ద పరిశోధనలో మాత్రం తేడా కనబడలేదు. కాబట్టి డైరీని వైద్యానికి బదులుగా చూడకండి, వైద్యంతో పాటు ఉంచుకోండి.

ఐసీయూ నుంచి వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి పీటీఎస్‌డీ లక్షణాలుంటాయి. పీడకలలు, ఆ చోటు తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం నెల దాటి ఉంటే వైద్యం మొదలుపెట్టాలి. మీవారికి ఏడు వారాలైంది కాబట్టి ఈ వారమే మానసిక వైద్యులను కలవండి. ఇలాంటి భయానికి ప్రత్యేకంగా చేసే కౌన్సెలింగ్ పద్ధతులున్నాయి. నిద్ర కోసం అల్ప్రాజోలం లాంటి మాత్రలు సొంతంగా కొని వేయకండి. అవి ఈ జబ్బుకు పనిచేయవు, అలవాటు పడితే మానడం కష్టం. ఆయన సిద్ధపడితే, పగటిపూట, ముందుగా అనుమతి తీసుకుని ఆ ఐసీయూని ఒక్కసారి చూపించడం కొందరికి మేలు చేస్తుంది.

ఇంట్లో పెట్టే తిండిలో ఇప్పుడు కూడా విషం ఉందని అనుమానించినా, చచ్చిపోవాలని ఉందన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరంతో పాటు కొత్తగా తికమక మొదలైతే మళ్లీ ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు, ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. లెక్కలు చూసే ఉద్యోగం. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే జబ్బు) తగ్గి నాలుగు నెలలైంది. అంకెలు కూడుతూ మధ్యలో మర్చిపోతున్నాను, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అర్థం కావట్లేదు. మెదడు స్కాన్ బాగుందట. పనిలో చేరనా?

జవాబు: స్కాన్‌లో రక్తస్రావం, కణితి లాంటివి కనబడతాయి. ధ్యాస నిలవకపోవడం కనబడదు. అమెరికాలోని నాష్‌విల్‌లో ఐసీయూలో చేరిన 821 మందితో మొదలైన పరిశోధన 2013లో వెలువడింది. ఏడాది తర్వాత పరీక్షించినవాళ్లలో 34 శాతం మంది మార్కులు తలకు ఒక మోస్తరు గాయమైనవాళ్ల మార్కులతో, 24 శాతం మందివి తొలిదశ అల్జీమర్స్ ఉన్నవాళ్ల మార్కులతో సమానంగా ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్లకూ ఇది వచ్చింది. మార్కులు తగ్గినంత మాత్రాన అల్జీమర్స్ వచ్చినట్టు కాదు. డెలీరియం ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే మార్కులు అంత తక్కువ.

ముందు సరిచేయగలిగినవి చూడాలి: రక్తహీనత, థైరాయిడ్, బి12, నిద్రలేమి, దిగులు, మత్తు కలిగించే మాత్రలు. తర్వాత జ్ఞాపకం, ధ్యాస కొలిచే 30 మార్కుల మోకా పరీక్ష చేయించుకోండి. 26 కంటే తగ్గితే వివరమైన పరీక్ష అవసరం. చదువుకున్నవాళ్లకు 26 దాటినా ఇబ్బంది ఉండొచ్చు కాబట్టి మీ ఉద్యోగంలో ఏం తప్పుతోందో ఉదాహరణలతో చెప్పండి.

ఉద్యోగంలో చేరండి, కానీ పూర్తి రోజులతో కాదు. మొదటి రెండు వారాలు వారానికి మూడు సగం రోజులు చూసి, తట్టుకుంటే పెంచండి. కష్టమైన లెక్క పొద్దున్నే, పాతిక నిమిషాలు చేసి ఐదు నిమిషాలు ఆపండి. ఫోన్ శబ్దం ఆపేయండి. ఆపిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తర్వాత చేయాల్సిన అడుగు ఒక వాక్యంలో రాసిపెట్టండి. మీరు ఒక్కరే సంతకం పెట్టే పెద్ద మొత్తాలను కొన్ని నెలలు ఇంకొకరితో సరిచూపించండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఐసీయూలో చేరకముందు ఉద్యోగం చేసినవాళ్లలో మూడు నెలలకు మూడింట రెండొంతుల మంది, ఏడాదికి ఐదుగురిలో ఇద్దరు ఇంకా పనిలో చేరలేకపోతున్నారని అనేక పరిశోధనలు కలిపి చూస్తే తేలింది. డ్రైవింగ్ మాత్రం డాక్టరు పరీక్షించి సరేనన్నాకే.

ప్రశ్న: మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. గోళ్ల మీద అడ్డగీతలు. కొత్త జబ్బా?

జవాబు: పాత జబ్బు గుర్తులే. పెద్ద జబ్బు వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపేసి, రెండు మూడు నెలలకు రాలతాయి. సుమారు ఆరు నెలల్లో ఆగి మళ్లీ మొలుస్తాయి. ఐరన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకుంటే చాలు, ఖరీదైన నూనెలు వద్దు. గోటి గీత గోరుతో పాటు పెరిగి పోతుంది.

ప్రశ్న: అమ్మకు డిశ్చార్జిలో 11 రకాల మాత్రలు రాశారు. రెండు నెలలుగా అవే వాడుతున్నాం. ఎప్పటిదాకా?

జవాబు: ఐసీయూలో ఆ పూట అవసరానికి మొదలుపెట్టిన మందులు ఎవరూ ఆపకపోవడం వల్ల ఇంటిదాకా వచ్చేస్తుంటాయి. కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఆసుపత్రికి ముందు వాడినవి, ఇప్పుడు వాడుతున్నవి, ఒక్కోటి ఎందుకో. మూడో గడి ఖాళీగా మిగిలిన ప్రతి మందు గురించీ డాక్టరును అడగండి. ముఖ్యంగా పాంటోప్రజోల్ లాంటి అసిడిటీ మాత్ర, డెలీరియంకు ఇచ్చిన క్వెటియాపిన్, హాలోపెరిడాల్, నిద్రమాత్ర, గుండె లయకు ఇచ్చిన అమియోడరోన్. ఆ కాగితంలోనే ఎదురు తప్పు కూడా బయటపడుతుంది: ఎన్నో ఏళ్లుగా వాడుతున్న థైరాయిడ్ మాత్ర గానీ బీపీ మాత్ర గానీ మళ్లీ మొదలుపెట్టలేదని. ఏదీ మీ అంతట మీరు ఆపకండి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తం పలచబరిచే మందు ఆపితే గడ్డలు కట్టవచ్చు.

ఐసీయూలో కిడ్నీలు దెబ్బతిన్నా, డయాలిసిస్ చేసినా, ఇప్పుడు బాగున్నా సరే మూడు నెలలకు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూడాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. సెప్సిస్ నుంచి బయటపడిన పెద్దవయసువాళ్లలో సుమారు 40 శాతం మంది 90 రోజుల్లోపు మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు, ఎక్కువగా మరో ఇన్‌ఫెక్షన్‌తో. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాల సంగతి అడగండి. మొదటి పరీక్ష ఇంటికొచ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో, మరొకటి రెండు మూడు నెలలకు ఉండాలి. నడక, మతి, మనసు మూడూ చూడమని మీరే అడగండి.

ప్రశ్న: మా ఆయన కోలుకుంటున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు. రాత్రి నాలుగైదుసార్లు లేచి ఆయన ఊపిరి చూస్తున్నాను. మైక్రోవేవ్ కూత వినబడితే గుండె ఆగినంత పనవుతోంది. జబ్బుపడింది ఆయన కదా, నాకెందుకిలా?

జవాబు: ఐసీయూ తలుపు బయట కూర్చున్నవాళ్లకూ భయం, దిగులు, పీటీఎస్‌డీ వస్తాయి. ఈ సిండ్రోమ్ పేరు కిందనే కుటుంబానికి వేరే భాగం ఉంది. కాబట్టి మీవారి తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు మీ పేరుతో కూడా ఓపీ చీటీ రాయించుకోండి. ఆయన గురించి మాట్లాడే పది నిమిషాల్లో మీ సంగతి ఎప్పటికీ రాదు.

ఊపిరి చూడటాన్ని ఒకేసారి మానలేరు. ఆయనకు రాత్రిపూట ఆక్సిజన్ అవసరం లేదని డాక్టరు చెప్పి ఉంటే, ఈ వారం రెండుసార్లకు, వచ్చే వారం ఒక్కసారికి తగ్గించండి. వారంలో రెండు రాత్రులు ఇంకొకరు ఆ గదిలో పడుకుని మీరు వేరే గదిలో పడుకోండి. సాయం చేస్తామన్నవాళ్లకు "చూద్దాంలెండి" అనకుండా పని, రోజు, సమయం చెప్పండి: "గురువారం నాలుగు నుంచి ఆరు దాకా మావారి దగ్గర కూర్చోండి." ఇలా రెండు వారాలు చేసినా నిద్ర రాకపోతే, ఏడుపు ఆగకపోతే, తిండి సహించకపోతే ఆ ఓపీ తేదీ దాకా కూడా ఆగవద్దు.